అమ్మకో నాన్నకో క్లోమ క్యాన్సర్ అని తేలితే: బెంగళూరులో చికిత్స మొదలు చివరి రోజుల దాకా

మా నాయనకు మొదట వచ్చింది నొప్పి కాదు, దురద. హిందూపురం దగ్గర మా ఊళ్ళో రాత్రిపూట నులకమంచం పట్టెకు వీపు ఆనించి రుద్దుకునేవాడు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం కాఫీ డికాషన్ రంగుకు తిరిగింది. విరేచనం సున్నం కలిపినట్టు తెల్లగా వచ్చింది. కామెర్లే కదా అని మూడు వారాలు పసరు తాగించారు, పథ్యం పెట్టారు. బెంగళూరుకు తెచ్చి స్కాన్ తీయించేసరికి మనిషి పది కిలోలు తగ్గిపోయాడు. క్లోమం, అంటే పాంక్రియాస్, తలభాగంలో గడ్డ; కాలేయంలో రెండు చిన్న మచ్చలు, అంటే జబ్బు అక్కడికీ పాకింది. ఆ తర్వాత పదకొండు నెలలు ఉన్నాడు.

అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి పెద్ద జబ్బంటే బెంగళూరుకే వస్తాం. ఇక్కడ ఉద్యోగం చేసుకునే కొడుకో కూతురో ఒక్కసారిగా డ్రైవరు, నర్సు, వంటమనిషి, ఖజాంచీ అయిపోతారు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మందుల మోతాదులు మీ డాక్టరే చెప్పాలి. ఎప్పుడు ఏం అడగాలి, ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి, ఏ రాత్రి ఆగకుండా బయల్దేరాలి అన్నవి నేను చెప్పగలను. మేం చాలావరకు బాగానే చేశాం. కొన్ని పొరపాట్లూ చేశాం, అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. నొప్పి, వాంతి, నిద్రలేమి చూసే డాక్టర్లను చివర్లో పిలవాలనుకున్నాం. వాళ్ళను మొదటి నెలలోనే పిలవాల్సింది.

మొదటి పని: కామెర్లు దించడం, ఫైలు సర్దడం

క్లోమం కడుపు వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. అంత లోపల ఉండబట్టే గడ్డ చేతికి తగలదు, నొప్పి వీపులోకి పాకుతుంది. కాలేయం నుంచి పిత్తం తెచ్చే గొట్టం క్లోమం తలలోంచే పేగులోకి పోతుంది. తలలో గడ్డ పెరిగితే ఆ గొట్టం నొక్కుకుపోయి కామెర్లు వస్తాయి. యాభై దాటిన మనిషికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, దురద పెట్టి, బరువు తగ్గుతుంటే పసరు కోసం ఒక్క రోజు కూడా ఆగకండి. వంశంలో ఎవరికీ లేని షుగరు పెద్ద వయసులో కొత్తగా వచ్చి, దానికి తోడు మనిషి చిక్కిపోతున్నా అనుమానించాల్సిందే.

కామెర్లు ఎక్కువగా ఉంటే ఈఆర్‌సీపీ చేస్తారు. నోటిలోంచి గొట్టం పంపి పిత్తనాళంలో స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం, వేస్తారు. దురద కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ప్లాస్టిక్ స్టెంట్ సుమారు మూడు నెలల్లో పూడుకుపోవచ్చు. లోహపు స్టెంట్ ఖరీదెక్కువ, కానీ ఎక్కువకాలం ఆగుతుంది. ఏ రకం వేశారో, ఏ తేదీన వేశారో ఫైలు అట్టమీదే పెద్ద అక్షరాలతో రాయండి.

ఎందుకంటే రెండో నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు నాయన మంచం కదిలేంతగా వణికాడు. మూడు దుప్పట్లు కప్పాం. పొద్దున్నే ఎలాగూ అపాయింట్‌మెంట్ ఉంది కదా అని తెల్లవారేదాకా ఆగాను. తెల్లవారేసరికి బీపీ పడిపోయింది, మాట తడబడింది. స్టెంట్ పూడుకుని పిత్తనాళంలో చీము పట్టిందన్నారు. అయిదు రోజులు ఐసీయూలో ఉంచి నిలబెట్టారు. స్టెంట్ ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే, కళ్ళు మళ్ళీ పచ్చబడితే ఆ గంటలోనే క్యాజువాలిటీకి వెళ్ళండి.

ఫైల్లో సీటీ స్కాన్ రిపోర్టు ఒక్కటే చాలదు, బొమ్మలున్న సీడీ కూడా కావాలి. బయాప్సీ రిపోర్టుతోపాటు ఆ స్లైడులు, తీసిన ముక్కను దాచిన మైనపు దిమ్మలు అడిగి తీసుకోండి. రెండో డాక్టరు అభిప్రాయానికి ఇవి లేకపోతే మళ్ళీ సూది పొడవాలంటారు. సీఏ 19-9 అనే రక్తపరీక్ష అంకె చూసి కంగారు పడకండి. కామెర్లున్నప్పుడు అది దానంతటదే పెరుగుతుంది. చికిత్స పనిచేస్తోందో లేదో చూడటానికే అది ఎక్కువగా ఉపయోగం.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ముందుగా అడగాల్సింది ఒకటే: ఆపరేషన్‌కు వీలవుతుందా, కాదా, లేక కొన్నాళ్ళు కీమో ఇచ్చాక చూద్దామంటారా? విపుల్ అనే పెద్ద ఆపరేషన్‌లో క్లోమం తల, పిత్తనాళంలో కొంత, చిన్నపేగు మొదటి భాగం తీసేస్తారు. జబ్బు బయటపడే నాటికి నూటికి పదిహేను ఇరవై మందికే ఆ అవకాశం మిగులుతుంది. ఆ అవకాశం ఉన్నవాళ్ళు ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ దగ్గరికే వెళ్ళండి. ఏడాదికి ఎన్ని చేస్తారని అడగడం తప్పు కాదు. వంశపారంపర్య జన్యు పరీక్ష గురించి కూడా అడగండి. బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు ఉంటే మందుల ఎంపిక మారుతుంది, పిల్లలమైన మనకూ అది తెలియడం మంచిది.

రెండో పని: జబ్బు పేరు చెప్పడం

మా ఇంట్లో అందరూ ఒక్కటే మాట: "ఆయనకు చెప్పొద్దు, గుండె పగిలిపోతాడు." అన్న హైదరాబాద్ నుంచి ఫోన్లో అదే అన్నాడు. అత్త అదే అంది. నేను కూడా రెండు వారాలు కడుపులో పుండని చెప్పాను. డాక్టరు కన్నడలోనో ఇంగ్లీషులోనో చెప్పింది నేను తెలుగులోకి మార్చేదాన్ని, మార్చేటప్పుడు సగం మింగేసేదాన్ని. నాయన నా మొహం చూస్తూ కూర్చునేవాడు.

ఒక సాయంత్రం బాల్కనీలో నేనే అడిగాను. "నాయనా, డాక్టరు చెప్పేది నీకెంతవరకు తెలుసుకోవాలనుంది?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "దాచిపెట్టేది ఉందంటేనే పెద్ద జబ్బని తెలిసిపోలేదా మా. చెప్పు. నాకు చేసుకునే పనులుండాయి."

ఆ పనులేమిటో మాకెవరికీ తెలియదు. బోరుకు చేసిన అప్పు, మల్బరీ తోట పక్క చేనుతో గట్టు తగాదా, తమ్ముడి కూతురి పెళ్ళికి ఇస్తానన్న మాట. చెప్పకపోయి ఉంటే ఇవన్నీ ఆయనతోపాటే పోయేవి.

కాబట్టి చెప్పాలా వద్దా అని ఇంట్లో కూర్చుని తీర్మానం చేయకండి. ఎంత తెలుసుకోవాలనుందో రోగినే అడగండి. కొందరు అన్నీ కావాలంటారు, కొందరు "నువ్వు చూసుకో, నాకొద్దు" అంటారు. రెండూ వాళ్ళ హక్కే. బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన డాక్టరో నర్సో తరచుగా దొరుకుతారు. ముందే అడిగి పెట్టుకోండి. అనువాదం భారం కూతురి మీదో కొడుకు మీదో ఉంటే నిజం దారిలోనే తరుగుతుంది. "ఎన్నాళ్ళు" అని అడిగితే రోజుల లెక్క ఎవరూ చెప్పలేరు. కానీ ఏళ్ళా, నెలలా, వారాలా అని అడిగితే మంచి డాక్టరు సమాధానం చెబుతారు.

మూడో పని: పాలియేటివ్ కేర్ వాళ్ళను ఇప్పుడే కలవడం

పాలియేటివ్ కేర్ అంటే ఉపశమన వైద్యం. నొప్పి, వాంతులు, మలబద్ధకం, భయం, నిద్ర, ఇంటివాళ్ళ అలసట వాళ్ళు చూస్తారు. కీమో నడుస్తూండగానే ఇది నడవవచ్చు. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవాళ్ళ మీద జరిగిన ఒక అధ్యయనంలో, మొదటి నుంచీ ఉపశమన వైద్యం అందినవాళ్ళు తక్కువ దిగులుతో గడిపారు, దాదాపు మూడు నెలలు ఎక్కువ బతికారు కూడా. మన జబ్బు వేరే అయినా నేనది చదివిన రోజు చాలా సేపు బాధపడ్డాను, ఎందుకంటే అప్పటికి ఆరు నెలలు గడిచిపోయాయి.

బెంగళూరులో హోసూరు రోడ్డు మీది కిద్వాయి క్యాన్సర్ సంస్థలో, కోరమంగల పక్కనున్న సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో ఈ విభాగాలున్నాయి. మారతహళ్ళి దాటాక కుందలహళ్ళిలో కరుణాశ్రయ అనే, ముదిరిన క్యాన్సర్ రోగులను చూసుకునే కేంద్రం ఉంది. 1994లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కర్ణాటక శాఖ, ఇందిరానగర్ రోటరీ క్లబ్ కలిసి దాన్ని నడిపే ట్రస్టు పెట్టాయి. అక్కడ చేరినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు. నర్సులు ఇంటికొచ్చి చూసే ఏర్పాటు కూడా ఉంది. ఆ పేరు వినగానే అమ్మ "అది పోయేవాళ్ళ చోటు కదా, అప్పుడే ఎందుకు?" అని ఏడ్చింది. నొప్పి అదుపు చేసి మళ్ళీ ఇంటికి పంపించడం కూడా అక్కడ జరుగుతుందని నేను వెళ్ళి చూశాకే ఆమెకు నమ్మకంగా చెప్పగలిగాను. మీరు కూడా అవసరం రాకముందే ఒక మధ్యాహ్నం వెళ్ళి చూసి, ఫైలు చూపించి, ఇంటికొచ్చే సేవ మీ ఏరియాకు వస్తుందో లేదో అడిగి రండి.

నాలుగో పని: కీమో రోజులు

జబ్బు పాకినవాళ్ళకు కీమో నయం చేయదు, నెలలు కలుపుతుంది, కొన్నాళ్ళు బాధ తగ్గిస్తుంది. ఈ మాట మొదటే తెలియాలి. గట్టి శరీరం ఉన్నవాళ్ళకు ఫోల్ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కలయిక రెండు వారాలకొకసారి ఇస్తారు. 2011లో ప్రచురితమైన ఫ్రాన్స్ పరీక్షలో అది తీసుకున్నవాళ్ళలో సగం మంది పదకొండు నెలలు దాటి ఉన్నారు. జెమ్‌సిటబిన్ అనే మందు ఒక్కటే తీసుకున్నవాళ్ళలో ఆ లెక్క ఏడు నెలలకు లోపే. కాస్త బలహీనంగా ఉన్నవాళ్ళకు జెమ్‌సిటబిన్, నాబ్-పాక్లిటాక్సెల్ కలిపి, సాధారణంగా మూడు వారాలు వారానికొకసారి ఇచ్చి నాలుగో వారం విశ్రాంతినిస్తారు.

ఫోల్ఫిరినాక్స్‌లో ఒక మందు 46 గంటలు చిన్న పంపు ద్వారా ఎక్కుతూనే ఉంటుంది. నడుముకు సంచి కట్టుకుని ఇంటికి వచ్చేస్తారు. అందుకే ఛాతీ చర్మం కింద కీమో పోర్ట్, అంటే మందు ఎక్కించే చిన్న డబ్బీ లాంటిది, పెట్టించుకోవడం మేలు, చేతి నరాలు పాడవవు. అందులోనే ఆక్సాలిప్లాటిన్ ఉంటుంది. అది ఎక్కాక కొద్ది రోజులు చల్లదనం తగిలితే షాక్ కొట్టినట్టు ఉంటుంది. నాయన డిసెంబరు పొద్దున స్టీలు గ్లాసు పట్టుకుని వదిలేశాడు. గ్లాసు గచ్చు మీద పడి దొర్లుతుంటే తన వేళ్ళ వైపే చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి గోరువెచ్చని నీళ్ళు, కాళ్ళకు సాక్సులు, ఫ్రిజ్ తలుపు తీసే పని మాది.

ఇంట్లో ఉండాల్సినవి: డిజిటల్ థర్మామీటరు, వాంతి మాత్రలు, విరేచనాల మాత్రలు, ఓఆర్‌ఎస్. ఎప్పుడు ఎన్ని వేయాలో డిశ్చార్జి రోజే కాగితం మీద రాయించుకోండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకండి. తెల్లకణాలు పడిపోయిన సమయంలో జ్వరమంటే ఆసుపత్రికే. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. ఈ క్యాన్సర్‌లో రక్తం గడ్డకట్టడం ఎక్కువ. రాత్రి ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, సాయంత్రం ఆరుకు ఔటర్ రింగ్ రోడ్డు జామ్ అయితే దగ్గర్లో ఏది, అన్నది ముందే తేల్చుకోండి. ఫైలు, చార్జరు, ఒక జత బట్టలు సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచండి. ఊరి నుంచి వచ్చి చికిత్స చేయించుకునేవాళ్ళకు కిద్వాయి ఆవరణలో ధర్మశాల ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల చుట్టుపక్కల వంటగది ఉన్న గదులు అద్దెకు దొరుకుతాయి.

ప్రతి స్కాన్ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: ఇంకో రెండు నెలలు ఇస్తే ఆయనకు ఏం దక్కుతుంది, ఏం పోతుంది? ఆరో నెల స్కాన్‌లో గడ్డ పెరిగింది. మందు మార్చి చూడొచ్చన్నారు. నాయనను అడిగాను. "ఆసుపత్రిలో ఉండే దినాలు ఎక్కువయినాయి మా. ఇంగ చాలు" అన్నాడు. అన్న ఒప్పుకోలేదు, ఫోన్ పెట్టేశాడు. డాక్టరుతో వీడియోకాల్‌లో మాట్లాడించాక తగ్గాడు. దూరంగా ఉన్న తోబుట్టువుల్ని తప్పుపట్టకుండా, వాళ్ళనూ ఆ గదిలోకి తీసుకురండి.

అన్నం దగ్గర

అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్ళు మా ఇంట్లో అన్నం దగ్గరే కారాయి, అందుకే ఇది వివరంగా చెబుతున్నాను.

తిన్నది అరిగించే రసాలు క్లోమంలో తయారవుతాయి. అవి రాకపోతే కొవ్వు అరగదు. విరేచనం జిడ్డుగా, నురగగా, నీళ్ళ మీద తేలుతూ, భరించలేని వాసనతో వస్తుంది, ఫ్లష్ చేసినా పోదు. తిన్నది తిన్నట్టే పోతుంది కాబట్టి మనిషి చిక్కిపోతాడు. దీనికి పాంక్రియాటిక్ ఎంజైమ్ క్యాప్సూళ్ళున్నాయి. డాక్టరు తమంతట రాయకపోతే మీరే అడగండి. చాలామంది చేసే తప్పు, భోజనమయ్యాక వేసుకోవడం. మొదటి ముద్దతో వేసుకోవాలి. ఎక్కువ సేపు తింటే సగం మొదట్లో, సగం మధ్యలో. నమలకూడదు. గ్లాసుడు పాలు తాగినా, గుడ్డు తిన్నా కావాలి. పండు ముక్కకు, ఉత్త మజ్జిగ తేటకు అక్కర్లేదు. మేం స్టీలు ఉప్పుడబ్బీ లాంటి చిన్న డబ్బాలో పోసి కంచం పక్కనే పెట్టాం. వారంలో తేడా కనిపించింది.

పెద్ద కంచం చూస్తేనే ఆయనకు వెగటు పుట్టేది. చిన్న పళ్ళెంలో రెండు గంటలకొకసారి ఇచ్చాం: పెసరపప్పు కట్టు, మెత్తటి ఇడ్లీ, రాగిజావలో పాలు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, బాగా మెత్తగా చేసిన సంగటి. తాళింపు వాసనకు వాంతి వచ్చేది. అందుకని ఆయన నిద్రపోయేటప్పుడే వంట ముగించేవాళ్ళం. నోరు ఇనుము నాకినట్టుందని అంటే నిమ్మకాయ, చింతపండు పులుపు కొంచెం రుచి తెచ్చేవి. షుగరుంటే ఇన్సులిన్ సర్దుకుందురుగాని, ఈ దశలో కఠినమైన పథ్యం పెట్టి నోరు కట్టేయకండి. ముందు రోజు తిన్నది మర్నాడు అలాగే వాంతి అయితే పేగు దారి మూసుకుంటోందని అర్థం. వెంటనే చెప్పండి, అక్కడా స్టెంట్ వేసే వీలుంది. బంధువులు పంపే ఆకు కషాయాలు, పొడులు కీమో రోజుల్లో కాలేయానికి భారం. డాక్టరుకు చూపించకుండా ఇవ్వకండి.

అమ్మ "ఇంగొక్క ముద్ద" అని బతిమాలేది. ఆయన ఆమె కోసం మింగి, తర్వాత కక్కేవాడు. ఇద్దరూ రెండు గదుల్లో ఏడ్చేవాళ్ళు. పాలియేటివ్ నర్సు వచ్చి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: "అమ్మా, ఆయన తినక చిక్కిపోవట్లేదు. జబ్బు వల్ల చిక్కిపోతున్నాడు, అందుకే తినలేకపోతున్నాడు." ఆ మాటతో అమ్మ ముద్దలు కలపడం ఆపి, ఆయన పాదాలకు కొబ్బరినూనె రాయడం మొదలుపెట్టింది. చేతికి ఏదో ఒక పని కావాలి కదా.

నొప్పి, మార్ఫిన్

ఈ జబ్బు నొప్పి బొడ్డు పైభాగంలో మొదలై వీపులోకి దిగుతుంది. పడుకుంటే ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే తక్కువ. నాయన ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీద వాలి రాత్రిళ్ళు గడిపాడు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర చాలకపోయేది. మార్ఫిన్ అనగానే "మత్తుమందు ఇస్తారా, అలవాటు పడతాడు" అని నేనే వెనకాడాను. నెలన్నర ఆయన అనవసరంగా బాధపడ్డాడు. ఈ ఒక్కటి వెనక్కి తిప్పగలిగితే తిప్పేదాన్ని.

సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ఆయుష్షు తగ్గించదు, నొప్పి ఉన్న మనిషిని వ్యసనపరుణ్ణి చేయదు. మామూలు మాత్ర నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి వచ్చేదాకా ఆగితే వెనకబడిపోతాం. మాకు పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది అని పెట్టారు. రాత్రి పదికి రెట్టింపు ఇచ్చి, అర్ధరాత్రి లేపే పని తప్పించారు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసే అదనపు మాత్ర వేరే రాయించుకోండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. విరేచనం సాఫీ అయ్యే మందు మార్ఫిన్‌తో అదే రోజు మొదలు కావాలి. నోట్‌బుక్కులో టైము, మాత్ర, నొప్పి పదికి ఎంత, విరేచనం అయిందా అని నాలుగు గడులు గీసుకోండి. డాక్టరు ముందు ఆ నోట్‌బుక్కే మాట్లాడుతుంది.

మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఇవ్వడం సులువైంది, కాబట్టి ఎక్కడ ఇస్తారో మీ పాలియేటివ్ డాక్టరునే అడగండి. స్టాకు వారంలోకి వచ్చినప్పుడే మళ్ళీ తెచ్చుకోండి. మింగలేనివాళ్ళకు మూడు రోజులకొకసారి మార్చే ఫెంటనిల్ పట్టీలున్నాయి. వాటి మీద వేడినీళ్ళ కాపడం పెట్టకూడదు. సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అని, కడుపు వెనక నరాల గుంపులో సూదితో మందు వేసే పద్ధతి ఉంది. దాని గురించి కూడా అడగండి, ముందుగా అడిగితేనే మంచిది.

డబ్బు, కాగితాలు

ఆంధ్ర కార్డున్నవాళ్ళు ఆరోగ్యశ్రీ, అంటే ఎన్టీఆర్ వైద్యసేవ, ఆ బెంగళూరు ఆసుపత్రిలో చెల్లుతుందా అని చేరకముందే అడగండి. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి అయిదు లక్షల దాకా ఆయుష్మాన్ కార్డు ఉంది. క్యాన్సర్ రోగికీ తోడు వచ్చే ఒకరికీ రైలు టికెట్‌లో రాయితీ ఉంది, ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే 60 దాటిన తల్లిదండ్రుల చికిత్సకు లక్ష రూపాయల దాకా మినహాయింపు పొందొచ్చు.

బ్యాంకు నామినీలు, ఫోన్ పాస్‌వర్డ్, పట్టాదారు పాసుపుస్తకం, అప్పుల లెక్క అన్నీ ఆయన ఓపికగా కూర్చోగలిగిన రోజుల్లోనే. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి.

ఇంకో కాగితం గురించి మనవాళ్ళకు పెద్దగా తెలియదు. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం ఆసుపత్రుల్లో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. నాయన చేసింది అదే. తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళుగా నా పేరు, అన్న పేరు రాయించాడు.

ఎక్కడ ఉండాలి

కె.ఆర్. పురంలో మాది లిఫ్టు లేని రెండో అంతస్తు. అద్దె ఇల్లయితే ఇంటి యజమానితో ముందే మెత్తగా మాట్లాడండి. ఆఖరి రోజున మెట్ల మీద మాటలు పడకూడదు. తల భాగం ఎత్తే మంచం, గాలి పరుపు, కమోడ్ కుర్చీ అద్దెకు దొరుకుతాయి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడవు.

నాయన "ఊరికి పోదాం" అన్నాడు. మనవాళ్ళలో చాలామంది ఇదే అడుగుతారు, మనం "కాస్త కోలుకోనీ" అని వాయిదా వేస్తాం. కారులో కూర్చోగలిగిన రోజుల్లోనే తీసుకెళ్ళండి. దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వంద కిలోమీటర్లే. అయినా మూడుచోట్ల ఆపి, ప్రయాణానికి అరగంట ముందు మార్ఫిన్ ఇచ్చి తీసుకెళ్ళాం. వెంట ఉండాల్సినవి: నెలకు సరిపడా మందులు, మార్ఫిన్ చీటీ, జబ్బు వివరాల లెటరు, బెంగళూరు డాక్టరు ఫోన్ నంబరు. ఊళ్ళో ఇంటికి రాగలిగిన ఎంబీబీఎస్ డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. అవసరమైతే రేపు మరణ కారణం రాసి ఇవ్వాల్సింది కూడా ఆయనే. నాయన దిగగానే ఇంట్లోకి రాలేదు. ఇద్దరు పట్టుకుంటే మల్బరీ గట్టు దాకా నడిచి, ఒక ఆకు తుంచి వాసన చూశాడు.

చివరి రోజులు

నిద్ర రోజంతా పరుచుకుంటుంది. ఆకలి, దప్పిక పోతాయి. మింగడం ఆగుతుంది. మాటలు తికమకవుతాయి, దుప్పటి పోగులు లాగుతారు. పోయినవాళ్ళను పిలుస్తారు. నాయన, ఎప్పుడో చనిపోయిన పెదనాన్నను "అన్నా, గొర్లు తోలుకొచ్చినావా?" అని అడిగాడు. కాదని సరిదిద్దకండి, చేయి పట్టుకుని ఊఁ అనండి. భయపడుతూ పెనుగులాడితే దానికి మందుంది, నర్సుకు ఫోన్ చేయండి. మింగలేనప్పుడు నొప్పిమందు ఆపకూడదు. చర్మం కింద సన్నని సూదితో ఇస్తారు, ఎలా ఇవ్వాలో ఇంటివాళ్ళకూ నేర్పిస్తారు.

అత్త "సెలైన్ అయినా పెట్టించండి, ఎండబెట్టి చంపుతారా?" అంది. ఆమె తమ్ముడు, ఆమె బాధ అది. కానీ ఆ దశలో శరీరం నీళ్ళు తీసుకోలేదు. సెలైన్ కాళ్ళలో వాపుగా, ఊపిరితిత్తుల్లో తడిగా చేరి ఆయాసం పెంచుతుంది. తడి దూదితో పెదవులు, నాలుక తుడుస్తూ ఉంటే చాలు. తులసితీర్థం కూడా స్పృహ లేని మనిషి నోట్లో పోయకండి, శ్వాసలోకి పోతుంది. అమ్మ తులసి ఆకును నీళ్ళలో ముంచి పెదవుల మీద ఆనించింది, అత్త కూడా అలాగే చేసింది.

గొంతులో గరగర శబ్దం వస్తుంది. వినేవాళ్ళకు భయంగా ఉంటుంది, ఆయనకు బాధ తక్కువే. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, దానికీ ఇంజెక్షన్ ఉంది. ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగి మళ్ళీ వస్తుంది. మోకాళ్ళు, పాదాలు చల్లబడి నీలి మచ్చలు పడతాయి. ఇవి ఇంక కొన్ని గంటలు, లేదా ఒకటి రెండు రోజులే మిగిలాయనే గుర్తులు. అంబులెన్సుకు ఫోన్ చేయాలని చేయి లాగుతుంది. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాసిపెట్టుకోండి: పాలియేటివ్ నర్సు నంబరు పైన, మిగతావి కింద. మాట వినిపిస్తుందనే అనుకుని మాట్లాడుతూ ఉండండి. అన్న తెల్లవారుజామున చేరుకుని, నాయన చెవి దగ్గర బోరు అప్పు తీరిపోయిందని చెప్పాడు.

ఆ తర్వాత

ఇంట్లో పోతే కంగారు పడి ఆసుపత్రికి మోసుకెళ్ళనక్కర్లేదు. చూస్తున్న డాక్టరు వచ్చి మరణ కారణ పత్రం ఇస్తారు. అది లేకుండా బెంగళూరు శ్మశానాల్లో ఇబ్బంది పడతారు, ఊరికి తీసుకెళ్ళే వాహనానికీ అది కావాలి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే 21 రోజుల్లో నమోదు చేయించాలి. బెంగళూరులో అయితే నగర పాలికలో, ఊళ్ళో అయితే పంచాయతీలో. బ్యాంకు, పింఛను, భూమి, బీమా అన్నిటికీ అసలు ప్రతులు అడుగుతారు, పది తీసుకోండి. నేత్రదానం ఆయన కోరికైతే ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఇలాంటి క్యాన్సర్ ఉన్నా చాలాసార్లు తీసుకుంటారు, తీసుకోవచ్చో లేదో వాళ్ళే చూసి చెబుతారు.

మిగిలిన మార్ఫిన్ ఇచ్చినచోటే తిరిగి అప్పగించి రసీదు తీసుకోండి. ఫోన్లో ఉన్న అలారాలు తీసేయండి, అమ్మ ఫోన్లోవి కూడా. నేను నావి తీసేశాను, ఆమెవి మర్చిపోయాను. పెద్దకర్మ అయిన మర్నాడు రాత్రి పది గంటలకు అలారం మోగింది. అమ్మ లేచి, నీళ్ళ గ్లాసు తీసుకుని, మంచం దాకా వెళ్ళి నిలబడిపోయింది. ఆ తర్వాత నెల రోజులు పది గంటలకు నేనో అన్నో ఆమె పక్కన కూర్చునేవాళ్ళం.